కాళమ్మ కట్టెల మీద పడిన నీళ్లు

మత్తిగిరి,
16 నవంబరు 1997.

సౌభాగ్యవతి తాయారుకు,

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. కావేరిపట్టణంలో నువ్వు, మన రంజిత, పసిబిడ్డ కులాసాగా ఉన్నారని చదివి మనసు కుదుటపడింది. మనవరాలికి నా ముక్కు వచ్చిందని మురిసిపోతూ రాశావు. ఆడపిల్లకు అంత ముక్కు ఎందుకని నాకు కొంచెం దిగులే.

నీ ప్రశ్నలకు జవాబులు. కరివేపాకు మొక్కకు నీళ్లు పోస్తున్నాను. స్వెట్టరు వేసుకునే ఫ్యాక్టరీకి పోతున్నాను. ఇక గీజరు గొట్టం సంగతి. నీళ్లు కారడం ఆపించారా, కాళమ్మ ఇంకా సణుగుతూనే ఉందా అని అడిగావు. ఆపించలేదు తాయారూ. ఆపకూడదట. నీళ్లు కాగితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది బయటికి పోవడానికే గీజరుకు సేఫ్టీ వాల్వు. కారడం తప్పు కాదు, మనం దాన్ని వదిలిన చోటు తప్పు. సందులో భుజమెత్తున ఆ వాల్వు గొట్టం కోసి వదిలేశాం. దాని కిందే పక్కింటి కాళమ్మ కట్టెలు. ఆమె తడి కట్టెలతో పొయ్యి ఊదుకుంటుంటే, నాలుగు చుక్కలకే ఇంత రభసా అన్నావు నువ్వు. నేనూ నీకే వంత పాడాను. ఉగాది నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు ప్లంబరు మాదప్ప ఇనుప గొట్టం వేశాడు. గోడ వెంబడి దించి, కట్టెలకు ఎడంగా, కాలువ మీద జానెడు ఎత్తులో వదిలాడు. "గొట్టం నడాన కొళాయి వద్దప్పా, మూత అసలే వద్దు. నీళ్లు కారేది కంటికి కనబడాల, ఎవురి మీదా పడకూడదు" అన్నాడు.

అంత ఉన్నట్టుండి మాదప్పను ఎందుకు పిలిచానో నీకు రాయకూడదనుకున్నాను. బాలింతను వదిలేసి బస్సెక్కుతావని భయం. కానీ నీ దగ్గర దాచడం నాకు చేతకాదు.

పోయిన ఆదివారం పొద్దున గడ్డం గీసుకుంటుంటే గీజరులో దబదబమని చప్పుడు మొదలైంది. స్విచ్చు ఆపి సందులోకి పరుగెత్తాను. గొట్టం నోట్లో గుడ్డ చుట్టిన కొయ్య బిరడా దిగగొట్టి ఉంది. చల్లారేదాకా ఆగవలసింది. తొందరపడి లాగేశాను. కాగిన నీళ్లు ఎగజిమ్మి ఎడమచేయి మోచేతి దాకా కాలింది.

నా కేక విని కాళమ్మ వచ్చింది. తొట్టి దగ్గర కూర్చోబెట్టి చేతి మీద చన్నీళ్లు పోస్తూనే ఉంది. పోస్తూ ఏడ్చింది.

"నేనే కొట్టినానన్నా ఆ బిరడా. కట్టెలు తడుస్తా ఉంటే కోపమొచ్చింది. ఇట్లయితాదని తెలీదు. పోలీసుకు చెప్పినా సరే, వదినమ్మకు మాత్రం చెప్పొద్దన్నా."

నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. "పోలీసుకన్నా మా ఆవిడంటేనే భయమా?"

"మరి కాదా!" అంది.

అంతలో ఇంకో సంగతి తట్టి భయం వేసింది. ఆమె రోజూ ఆ గొట్టం కిందే వంగి కట్టెలు తీస్తుంది. బిరడా దానంతట అదే ఊడి ఉంటే ఆ నీళ్లు ఆమె ముఖాన పడేవి. ఆ మాట చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ నా చేతి మీద నీళ్లు పోసింది.

డాక్టరుకు చూపించాను. బొబ్బలు మానుతున్నాయి, నువ్వు బయలుదేరవద్దు. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాటు కూడా చెడిందట, కొత్తది వేయించాను.

ఏం వండుకుంటున్నారని అడిగావు, పైన ఆ జవాబు ఎగ్గొట్టాను. ఆ రోజు నుంచి నా భోజనం కాళమ్మ ఇంట్లోనే, ఆమె భర్త లక్ష్మణప్ప పక్కన. రాగి సంగటి, అనపగింజల పులుసు. నీ వంట కన్నా బాగుందని మాత్రం అనను, నాకింకా బుద్ధి ఉంది.

వడ్డించినప్పుడల్లా "వదినమ్మ ఎప్పుడొస్తాది?" అంటుంది. ఆ గొంతులో భయమూ ఉంది, ఆశా ఉంది. ఈసారి ఉత్తరంలో ఆమెకు రెండు మాటలు రాయి. ఆమెకు చదువు రాదు, నేనే చదివి వినిపించాలి. నువ్వు ఏం రాస్తే అదే చదువుతాను తాయారూ, ఒక్క అక్షరం కూడా మార్చను. కాబట్టి చూసి రాయి.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
రంజిత నాన్న