సన్నగా కోసిన జామకాయ

ఏమండీ,

స్కిజోఫ్రీనియా వచ్చిన ఏడేళ్లకు, ఈ రోజు మన మనవరాలు శారద మొదటిసారి తనంతట తాను ఒకటి అడిగింది.

ఏదీ కోరకుండా కూర్చుంటే ఇన్నాళ్లూ బద్ధకమని కసిరాను. మొన్న డాక్టర్ నా తప్పు దిద్దాడు: "తింటే రుచి తెలుస్తది అమ్మా. కావాలె, రేపు తినాలె అనిపించే భాగమే మెదడుల మందగించింది."

ఒక్క పూటా తప్పకుండా మాత్రలిచ్చింది నేను. అది అడిగింది మాత్రం "తాత తెచ్చే జామకాయ"! పోయి మూడేళ్లయిన మీ మీద కుళ్లుకుంటూనే అఫ్జల్‌గంజ్ వెళ్లి తెచ్చాను. కోసి ఉప్పుకారం చల్లాను.

"గింత పెద్ద ముక్కలేంది నానమ్మా? తాత సన్నగ కోస్తుండె. రేపు గట్ల కొయ్యి."

మళ్లీ మీరే గెలిచారనుకున్నాను. కత్తి కడుగుతుంటే దాని మాట గుర్తొచ్చింది. జామకాయ మీదేనండీ. "రేపు" అని మాత్రం నాతోనే అంది.