ఎడమ బటన్ నీది

చోడవరం

సత్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పోయిన నెల అమ్మాయి వచ్చి ల్యాప్‌టాప్‌లో పాత పిన్‌బాల్ ఆట పెట్టి వెళ్లింది. పెళ్లైన కొత్తలో విశాఖలో మనిద్దరం పక్కపక్కన నిలబడి ఆడిన ఆటబల్లే, ఇప్పుడు తెర మీద. గంటల మోత, బంతి బరువుగా దొర్లడం, అన్నీ అలాగే ఉన్నాయి. బంతి కింద పడకుండా కొట్టే బటన్లలో ఎడమది నీది, కుడిది నాది.

"సూస్తన్నారేటండీ, మీ పక్కకే వస్తంది, కొట్టండి!" అని మోచేత్తో పొడిచేదానివి.

ఇన్నాళ్లూ కుడి బటనే నొక్కాను. ఎడమకు వచ్చిన బంతిని పోనిచ్చాను.

"ఒంటి చేత్తో ఆడతావేటి నాన్నా?" అని, ఆ సంగతి చెబితే అమ్మాయి ఫోన్‌లో నవ్వింది.

ఈ సాయంత్రం బంతి నీ వైపు వచ్చింది. నా ఎడమ చెయ్యి దానంతటదే నొక్కేసింది. బంతి పైకి ఎగిరి గంటలన్నీ మోగాయి.

"నా పక్క బంతి మీరెందుకు కొట్టేరు?" అంటావని కాసేపు ఆగాను.