కబురు పుస్తకం ఎవరికి

ఇద్దరు సాక్షులు కావాలట. ఒక్కరు చాలరట. ఆ ఇద్దరికీ నా వస్తువుల్లో గుండుసూది కూడా రాయకూడదట, రాస్తే ఆ గుండుసూది వాళ్ళకి దక్కదట. హసన్ టైలరు కొట్టుకి నల్లకోటు వదులు చేయించుకోడానికి వచ్చిన వకీలుగారి మాట ఇది. ఆస్తి లేనివాడు వీలునామా రాయడం సులువనుకున్నాను. మనుషులు లేనివాడు రాయడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. ఈ ఊళ్ళో నేను సంతకం అడగగలిగినవాళ్ళు మొత్తం అయిదుగురు. అందులో ఒకరితో మాటల్లేవు. ఇంకొకరు నాతో ఉండలేక వెళ్ళిపోయారు. మిగతా ముగ్గురికీ ఏదో ఒకటి రాసేస్తే సాక్ష్యం చెప్పడానికి సముద్రం మిగులుతుంది.

సరే. కోరాడ అప్పలసూరి అనే నేను, వయసు యాభై ఏడు, పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర ఓడల్లోంచి దిగే బస్తాలు లెక్కపెట్టే గుమాస్తాని, వన్ టౌన్ కోట వీధిలో మేడ మీద ఒక గదిలో అద్దెకి ఉంటున్నవాణ్ణి, బుద్ధి సరిగా ఉండగానే, ఎవరూ చెయ్యి పట్టి రాయించకుండానే ఇది రాస్తున్నాను. ఆదివారం పొద్దున్న ఆరింటికి బీచ్ రోడ్డు బెంచీ మీద కూర్చుని రాసేవాడికి బుద్ధి సరిగా ఉందంటే ఎవరు నమ్ముతారో తెలీదు. గురువారం నా గుండెకి ఆపరేషన్. భయపడాల్సిందేమీ లేదన్నారు డాక్టరు. ఆ మాట రెండుసార్లు అన్నారు. రెండోసారి అన్నాక ఈ కాగితాలు కొన్నాను.

ఇందులో రాసేవన్నీ తేలిగ్గా తేలిపోయేవే, ఒక్కటి తప్ప. అది మా నడక గుంపు కబురు పుస్తకం. అది ఎవరు పుచ్చుకుంటారో తేలకపోతే గురువారం ఆపరేషన్ బల్ల మీద నిమ్మళంగా పడుకోలేను.

1. ఆదివారం నడక గుంపు. ఇది నాది కాదు కాబట్టి ఎవరికీ రాయలేను. దీనికి ఆఫీసు లేదు, ప్రెసిడెంటు లేడు, చందా లేదు. నాలుగేళ్ళ కిందట ఒక శనివారం డ్యూటీ దిగి గదికొచ్చాను. సోమవారం పొద్దున్న పోర్టు గేటు దగ్గర పేరడిగితే గొంతు పెగల్లేదు. మధ్యలో దాన్ని వాడలేదు కదా, తుప్పు పట్టింది. ఆ వారమే కోస్టల్ బ్యాటరీ దగ్గరి టీ కొట్టుకి ఒక కాగితం అంటించాను. "ఆదివారం ఆరుంబావుకి ఇక్కణ్ణించి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడుస్తాం. ఎవరైనా రావచ్చు. మాట్లాడక్కర్లేదు." నడుస్తాం అని రాశాను, ఉన్నది నేనొక్కణ్ణే. మా ఊరి బడిలో మాస్టారు చూసుంటే బహువచనం తప్పని చెవి మెలిపెట్టేవారు. మూడు ఆదివారాలు ఆ బహువచనం ఒంటరిగానే నడిచింది. నాలుగో వారం హసన్ వచ్చాడు. "మాటాడక్కర్లేదని రాసినావు కదా, అందుకే వచ్చినాను బావా" అన్నాడు. అని, సబ్‌మెరైన్ దాకా నోరు మూయలేదు.

ఇప్పుడు ఇరవై మంది దాకా వస్తున్నారు. వాళ్ళ మోకాళ్ళు, వాళ్ళ షుగరు, వాళ్ళ కోడళ్ళ మాటలు అన్నీ నాకు తెలుసు. నేను వాళ్ళకి తెలుసునా అన్నది వేరే సంగతి. గుంపు ఎలా నడవాలో మాత్రం రాసిపెడుతున్నాను, మార్చకండి. అందరికన్నా మెల్లిగా నడిచేవాళ్ళది ఎంత వేగమో గుంపుది అంత వేగం. పసుపు జాకెట్టు వేసుకుని ఒకరు అందరికన్నా వెనక నడవాలి, ఆ జాకెట్టు వెనక ఎవరూ మిగలకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళని ఏం చేస్తుంటారని అడక్కూడదు, టీ తాగారా అని అడగాలి. ఏడవాలనుకున్నవాళ్ళు సముద్రం వైపు నడవాలి, ఉప్పుగాలి మీదికి నెట్టేయొచ్చు. ఎవరైనా రెండు ఆదివారాలు రాకపోతే ఫోన్ చెయ్యాలి. ఎందుకు రాలేదని కోప్పడకూడదు. రాలేదేమా అనుకున్నాం అంటే చాలు.

2. పసుపు జాకెట్టు. ఇది జాలారిపేట పోతమ్మకి. తెల్లారకుండా చేపలు అమ్ముకుని, ఖాళీ తట్టతో సహా నడకకి వస్తుంది. ఎడమ మోకాలు అరిగిపోయింది, అంచేత ఎలాగూ వెనకే ఉంటుంది, ఉద్యోగం ఇచ్చేస్తే గౌరవంగా ఉంటుంది. జాకెట్టుతో పాటు ఈల కూడా ఇస్తానన్నాను. "నాకీలెందుకు సూరన్నా, నా గొంతుక సాలదేటి?" అంది. నిజమే. ఆవిడ పిలిస్తే లంగరేసిన ఓడ కూడా కదులుతుంది. ఈల నాతోనే ఉంచండి.

3. కబురు పుస్తకం. ఇది చాంద్ సుల్తానా గారికి. మా వీధి చివర గడియారాలు బాగుచేసే కొట్టు ఆవిడదే, భర్త పోయాక ఆవిడే నడుపుతున్నారు. పుస్తకంలో అందరి పేర్లూ, ఫోన్ నంబర్లూ ఉన్నాయి. పేరు పక్కన చుక్క ఉంటే ఆ మనిషి ఒంటరిగా ఉంటున్నట్టు. చుక్కలు చాలా ఉన్నాయి, దోమతెరలా ఉంటుంది పేజీ.

ఆవిడ కొత్తలో రెండు వారాలు రాకపోతే ఫోన్ చేశాను. రాలేదేమా అనుకున్నాం అన్నాను. "మా ఆయన పోయినకాడ్నించి నన్ను రాలేదేటని అడిగినోళ్ళు లేరు భాయ్" అన్నారు. అందుకే ఈ పని ఆవిడ చెయ్యాలి. ఫోన్ మోగడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళే చెయ్యాలి.

నాకూ తెలుసు. జనవరిలో జ్వరమొచ్చి మూడు ఆదివారాలు గదిలోనే ఉన్నాను. ఫోన్ మంచం పక్కనే పెట్టుకున్నాను, ఛార్జింగు కూడా తగ్గనివ్వలేదు. ఎవరూ చెయ్యలేదు. వాళ్ళ తప్పు కాదు. ఫోన్ చెయ్యాల్సినవాణ్ణి నేనే, పుస్తకం నా దిండు కింద ఉంది, అందులో నా పేరు నేనెప్పుడూ రాసుకోలేదు. నియమం రాసినవాడే నియమానికి బయట మిగిలాడు. నాలుగో వారం వెళితే "ఏటి బావా, ఊరెళ్ళావా?" అన్నాడు హసన్. అవునన్నాను. ఏ ఊరని అడగలేదు, నయం, నా దగ్గర ఊరి పేరేమీ సిద్ధంగా లేదు.

పోయిన ఆదివారం పుస్తకం సుల్తానా గారి చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నాను తీసుకోను సూరి భాయ్. తీసుకుంటే మీరు గురువారం పోతారని నాను ఒప్పుకున్నట్టు" అన్నారు. పోకపోతే వెనక్కి ఇచ్చేద్దురుగాని అన్నాను. ఆవిడ నవ్వలేదు. నా జోకులకి నవ్వనివాళ్ళలో ఈవిడ రెండో ఆవిడ. అందుకని ఇవాళ ముందే వచ్చి, టీ కొట్టు దగ్గర ఆవిడ కూర్చునే బల్ల మీద పుస్తకం పెట్టేసి, రోడ్డుకి ఇవతల ఈ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే వచ్చారు. పుస్తకాన్ని చూశారు. దాని పక్కన, జానెడు ఎడంగా కూర్చున్నారు.

4. నా భార్య రాధకి. పదకొండేళ్ళ కిందట గాజువాక వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. కోర్టులకి వెళ్ళలేదు, అంత కోపం కూడా మిగల్లేదు మా మధ్య. బిడ్డ నిలవనప్పుడు ఆసుపత్రిలో నేనేదో అన్నాను, నవ్వుతుందని. "నానేడుత్తంటే నీకు ఆటలేటి?" అంది. ఆ తర్వాత రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు నేను.

ఆమె వదిలి వెళ్ళిన కుట్టుమిషను ఆమెదే, తిరిగి ఇస్తున్నాను. నెలకోసారి నూనె వేస్తూనే ఉన్నాను. సూది కింద అప్పుడు కుడుతున్న నీలం గుడ్డ అలాగే ఉంది, చిన్న చొక్కాలో సగం. దాన్ని తీయలేదు.

రాధా, ఆ రోజు నాకూ ఏడుపొచ్చింది. ఎలా ఏడవాలో తెలీక నోటికొచ్చింది అన్నాను. తప్పు నాది. ఈ క్లాజులో జోకు లేదు.

5. వాసుకి ఏమీ లేదు. రుషికొండలో కంప్యూటరు కంపెనీ ఉద్యోగం, మా గుంపులో ఆరు నెలలు నడిచాడు. ఒకరోజు పోతమ్మ మోకాలు పట్టేసి గుంపంతా ఆగితే, చేతికున్న గడియారం చూసుకుని "ఇది నడకేటి బావా, ఊరేగింపు" అని తొమ్మిది మందిని తీసుకుపోయి వేరే గుంపు పెట్టాడు. అందరికీ ఒకే రంగు బనియన్లు. ప్రతి ఆదివారం మమ్మల్ని దాటుకుంటూ పరిగెడతాడు, వెనక్కి తిరక్కుండానే గుడ్ మార్నింగ్ చెబుతాడు. ఆ తొమ్మిది మంది పేర్లు పుస్తకంలో కొట్టెయ్యలేదు. వాసుది కూడా.

మళ్ళీ చూశాను. పుస్తకం అక్కడే ఉంది. గాలికి అట్ట లేస్తోంది. ఆవిడ సముద్రాన్ని చూస్తున్నారు.

6. హసన్‌కి నా రేడియో రాశాను, కొట్టేశాను. "నాకేటీ వద్దు బావా, నాను సాచ్చిగుంటాను, అది పనికొస్తాది" అన్నాడు. మూడేళ్ళుగా ఆ రేడియో మీద కన్నేసినవాడు. నా దగ్గర ఏమీ తీసుకోకుండా నిలబడ్డవాడికి ఏం రాయాలో వకీలుగారిని అడగడం మర్చిపోయాను. రేడియో టీ కొట్టుకి ఇవ్వండి, హసన్ అక్కడే వింటాడు. ఇందులో రాసినవన్నీ అమలు చెయ్యాల్సింది కూడా అతనే.

7. నన్ను తీసుకెళ్ళేటప్పుడు తొందర వద్దు. పోతమ్మ మోకాలు ఎంత వేగంగా సాగితే అంత వేగం. వెనక ఎవరూ మిగలకూడదు. నాలుగేళ్ళుగా అందరి వెనకా నడిచాను, ఆ ఒక్కరోజుకీ నేను ముందుంటాను, ఎవరూ ఏమీ అనుకోకండి.

తేదీ: 16 నవంబరు 2025, ఆదివారం. కోస్టల్ బ్యాటరీ ఎదుట, విశాఖపట్నం.

సంతకం: సాక్షులిద్దరూ కళ్ళెదుట నిలబడ్డాక పెడతాను.

మొదటి సాక్షి: షేక్ హసన్, టైలరు, వన్ టౌన్. టీ తాగుతున్నాడు, పిలిస్తే వస్తాడు.

రెండో సాక్షి: వాసు. హసన్ కాక పైన ఏమీ రాయించుకోనివాడు ఇతనొక్కడే, కాబట్టి ఇతనికున్న అర్హత ఇంకెవరికీ లేదు. ఇంకో పది నిమిషాల్లో ఇటే పరిగెడతాడు. నా కోసం ఆగుతాడని రాయను, ఆగితే మాత్రం

సుల్తానా గారు రోడ్డు అవతల నుంచి అరుస్తున్నారు. "సూరి భాయ్! ఇదేటి రాత, కోడి కెలికినట్టుంది! ఇది కమలమ్మా, కుమారా? ఫోను ఎవరికి సెయ్యాలి నాను? లెగండి, ఇటొచ్చి సదివి పెట్టండి!" పుస్తకం ఆవిడ ఒళ్ళో ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టేసుకున్నారు కూడా. ఆగండి, ఆగండి, అది కనకమ్మ, ఆవిడకి ముందు కుక్క ఎలా ఉందని అడగాలి, ఆ తర్వాతే