అమ్మకానికి దాచిన బండి

భ్రమర వాళ్ళ నాయనా,

అన్నం గిన్నెలో ఉంది, పప్పు వేడి చేసుకోండి. షెడ్డులో కారు లేదని కంగారు పడొద్దు. మా అక్క మనవడి నామకరణానికి అత్తను, భ్రమరను ఎక్కించుకొని ఆళ్లగడ్డకు పోతాన్నాం. మా తమ్ముడు ఓబులేసు నడుపుతాడు. మీరు సాయంత్రం బస్సులో రండి.

పొద్దున బ్రోకరు వచ్చి చూసిపోయినాడు. "హైబ్రిడ్ బండి కదక్కా, నడపకుండా పెడితే పెద్ద బ్యాటరీ పాడైతాది. నంద్యాలలో దాన్ని బాగుచేసేటోడు యాడుండాడు? కొన్నదాంట్లో సగం గూడా రాదు" అన్నాడు.

అమ్మేటప్పుడు రేటు పడిపోతుందని రెండేండ్లుగా ఆయుధపూజకు తప్ప దాన్ని బయటికి తీయలేదు మీరు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తీయనీయలేదు. మోకాళ్ళు పట్టేసిన కన్నతల్లిని ఆస్పత్రికి బస్సులో నిలబెట్టి తీసుకుపోయినారు. ఎవరికోసం? ముక్కూ మొహం తెలియని కొనేవాడి కోసం. థూ! తలుచుకుంటేనే రోత పుడతాంది.

కవర్లన్నీ చింపి దిబ్బలో పారేసినాను.

నాగమణి

తా.క.: అత్త అప్పుడే ముందు సీట్లో కూర్చుంది. చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "ఏమ్మే, కొనేటోళ్ళు ఏమన్నా అంటారేమో" అంటాంది.