మస్తాన్ ఇంటి దూది

1944 మార్చి 6, గురజాల

దూదేకుల మస్తాన్ కూతురు సైదాబీకి మశూచి. ఆరేళ్ళు. ఈ ఏడాది మా ఊళ్ళో ఇదే మొదటి కేసు. పోయినసారి నేను టీకాలు వేసిన రోజున ఆ పిల్ల ఊళ్ళో లేదట. ఇవాళ వీధి మొత్తానికీ వేశాను. వేళ్ళు లాగుతున్నాయి.

మార్చి 7

హెల్త్ ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. "ఎక్కణ్ణించి వచ్చిందో పట్టుకోవయ్యా. అది తేలకుండా నువ్వెన్ని టీకాలు వేసినా లాభం లేదు."

మార్చి 9

పిల్ల పోయింది.

మస్తాన్ ఏడవడం లేదు. "ఉరుసుకి నేనే ఎత్తుకుపోయానయ్యా. ఆడే అంటుకుంది. నేనే..." అదే మాట. మళ్ళీ అదే.

మార్చి 12

ఉరుసు కాదు. అక్కణ్ణించి వచ్చిన నాలుగో రోజునే జ్వరం తగిలింది. ఈ రోగం అంటుకున్నాక బయటపడడానికి పది పన్నెండు రోజులైనా పడుతుంది. అంటే అంతకు ముందే. ఎక్కడ? కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మార్చి 13

మస్తాన్ భార్య మీరాబీ చెప్పింది. "నర్సరావుపేటలో పరుపులు ఏకి వస్తా పాత దూది మూటగట్టి తెచ్చాడయ్యా. మెత్తగుందని పిల్ల దాని మీదే దొర్లేది."

ఎవరిచ్చారని అడిగాను.

"ఎవరో ఉప్పుకొట్టు ఆయన ఇల్లంట. వాకిట్లో పంజరం, రెండు రామచిలకలంట. ఆ అమ్మ చానా మంచిదంట. పరుపు మొత్తం ఊరికే ఇచ్చేసింది."

దూదంతా దగ్గరుండి కాల్పించాను. మంట ముందు నిలబడ్డా కళ్ళలో అవే చిలకలు... అది మా అక్క ఇల్లు.

మార్చి 14

రెండుసార్లు రైలు స్టేషను దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

మార్చి 15, నరసరావుపేట

అక్క కొడుకు శేషు ముఖం నిండా కొత్త మచ్చలు. ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నెలన్నర కిందట నేను వచ్చినప్పుడు వాణ్ణి చుట్టాలింటికి పంపానంది. అప్పుడు వెనక గదిలోనే ఉన్నాడట.

"నీకు చెబితే పైకి రాస్తావుగా. పిల్లోణ్ణి ఊరవతల షెడ్డులో పడేస్తారుగా."

పరుపు?

"మా అత్తగారు కాల్చమనే అన్నారు. మంచి దూదిరా. పిల్లలున్నోడు, పనికొస్తుందని ఇచ్చా. ఏందిరా అట్టా చూస్తావు?"

సైదాబీ సంగతి చెప్పాను. చేట చేతిలోంచి కింద పెట్టి లోపలికి పోయింది. నేను బయల్దేరేదాకా బయటికి రాలేదు.

మార్చి 16, గురజాల

అక్కను అనడమెందుకు? ఇన్నేళ్ళలో శేషుకు వేద్దామని మూడుసార్లు టీకాల పెట్టె తెరిచాను. "వచ్చేసారి వేద్దువులేరా, జలుబుగా ఉన్నాడు" అంది. మూడుసార్లూ మూశాను. ఊళ్ళో వాళ్ళ పిల్లల్ని మంచాల కింద నుంచి లాగి మరీ వేసినవాణ్ణి.

మార్చి 18

రిపోర్టు పంపాను. మూలం — తెలియలేదు.

మార్చి 21

మస్తాన్‌కు ఎవరూ పరుపులు ఇవ్వడం లేదు. రోగం అతనే తెచ్చాడని వీధంతా అంటోంది. "మనమూ పిలవొద్దు" అంది మా ఆవిడ.

సాయంత్రం మసీదు అరుగు మీద కనిపించాడు. పక్కనున్న ముసలాయనకు ఉరుసు సంగతే చెబుతున్నాడు. దగ్గరకు వెళ్ళాను. నన్ను చూసి లేచి, "మీరు చానా కష్టపడ్డారయ్యా నా పిల్ల కోసం" అన్నాడు. వచ్చేశాను.

మార్చి 23

ఉరుసు కాదని చెప్పేద్దామనే వెళ్ళాను. ఆ తర్వాత మాట నోటికి వస్తే అక్క పరుపు సంగతీ చెబుదామని. ఇంట్లో మీరాబీ ఒక్కతే ఉంది.

"పొద్దున బండికి పేట పోయాడయ్యా. ఈడ పనెవరిస్తారు? ఆ అమ్మయితే కాదనదని పోయాడు."

"ఎప్పుడొస్తాడు?"

"ఏమో."

ఈపాటికి అక్క వాకిట్లో నిలబడి ఉంటాడు. శేషు అక్కడే గోళీలాడుతుంటాడు. ఆ ముఖం చూశాక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. అక్క తలుపు తీసిందో లేదో...

రేపటిదాకా బండి లేదు.