అవ్వ ఎత్తుకోని బిడ్డ

అవ్వా,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి రెండేళ్ళు దాటింది. కుప్పం నుంచి నీ మనవరాలిని రాస్తున్నాను. ఈ ఏడాది నాకూ నీ జబ్బే వచ్చింది... టీబీ. కంగారు పడొద్దు, తగ్గిపోయింది.

మందులు మొదలుపెట్టిన కొత్తలో కొన్ని వారాలు నా పాపను దగ్గరికి రానివ్వలేదు. తలుపు అవతల నిలబడి ఏడ్చేది. ఆ కాస్త కాలానికే నాకు ప్రాణం పోయినంత పనైంది. నువ్వు జన్మంతా ఎట్లా ఉండగలిగావు?

పుంగనూరు ఇంట్లో నీకు వేరే కంచం, వేరే చెంబు, వసారాలో వేరే చాప. జడ వేసేటప్పుడు కూడా మా మొహం అటు తిప్పించి, నీ ముక్కుకు కొంగు చుట్టుకునేదానివి. పక్కన కూర్చోబోతే "ఆడనే నిలబడి సెప్పు, నా సెవులు బాగానే ఉండాయి" అనేదానివి. కరోనాలో వీధంతా మూతులు కట్టుకుని ఎడంగా నిలబడితే ఎంత నవ్వావో! "ఇన్నాళ్ళకు అందురూ నా దారికొచ్చినారు" అన్నావు. మాకదంతా నీ చాదస్తంలాగే ఉండేది.

మదనపల్లెలో నాకు మందులిచ్చిన డాక్టరమ్మకు నీ సంగతి చెప్పాను. నాన్న చంటిబిడ్డగా ఉన్నప్పుడు నువ్వు టీబీ ఆసుపత్రిలో నెలల తరబడి ఉండి, నయమయ్యాకే ఇంటికొచ్చావని... అయినా చచ్చేదాకా ఏ బిడ్డనూ ఎత్తుకోలేదని. నయమయ్యాక ఎత్తుకుని ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదంది ఆమె.

నీకూ ఆసుపత్రిలో ఈ మాట చెప్పే పంపి ఉంటారు. ఇంటికొచ్చాక మీ అత్త వేరే కంచం పెట్టిందని ఆ కంచాన్నే నమ్మావా? ఆమె పోయాకైనా ఎందుకు తీసెయ్యలేదు అవ్వా?

నాన్నేమో తనంటే నీకు ఇష్టం లేదనే అనుకుంటూ ముసలివాడయ్యాడు. నీ సమాధి మీద పూలు పెట్టడానికి కూడా మమ్మల్నే పంపేవాడు.

ఈ మాట ఆయనకు చెప్పాలా వద్దా అని చాలా నలిగిపోయాను. తనకు అంటుకుంటుందనే భయంతోనే నువ్వు దూరంగా ఉన్నావని తెలిస్తే నీ మీద కోపం పోతుంది... కానీ నీ ఒడి ఊరికే పోగొట్టుకున్నానని తెలిస్తే ఇంకా కుమిలిపోడా?

చివరికి పుంగనూరు వెళ్ళి చెప్పేశాను. నాన్న ఒక్కటే అడిగాడు... నువ్వు వద్దంటే మాత్రం, తనెందుకు పరుగెత్తుకొచ్చి నీ ఒళ్ళో కూర్చోలేదని. నీకేమైనా తెలుసా?

ఈ ఆదివారం చర్చి అయ్యాక సమాధి దగ్గరికి తనే వస్తానన్నాడు. తీసుకొస్తాను. తిడతాడేమో, ఏడుస్తాడేమో... ఎంత దగ్గరికి వస్తే అంత దగ్గరికి రానీ అవ్వా.

నీ మనవరాలు