ఒక్క ప్రశ్నా అడగని ముఖాముఖి

నాగావ్ నుంచి తమ్ముడు జోయెల్‌కు అక్క రాస్తున్నది.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. అమెరికా సంప్రదాయవాదుల సంగతులు మన చర్చివాళ్లకు తెలుగులో చెబుదామని ఇద్దరం కలిసే ఈ వీడియో ఛానల్ మొదలుపెట్టాం. ద్వేషం చిమ్మేవాళ్లకు మైకు ఇవ్వాలా వద్దా అని అక్కడ వాళ్లలో వాళ్లే చీలిపోయినప్పుడు మనమూ వాదించుకున్నాం. "మాట్లాడనియ్యాలె అక్కా, తర్వాత మనం నిలదియ్యాలె" అన్నావు. నేను వద్దన్నాను.

పోయిన వారం నాకు చెప్పకుండా, మాన్కోలిలో ఉపన్యాసాలిచ్చే ఆ మనిషిని మన ఛానల్‌లో ముఖాముఖికి పిలిచావు. "ముసల్మానులకు ఇండ్లు కిరాయికియ్యొద్దు, వాళ్ల దుకాణంల ఏం కొనొద్దు" అని అతను చెబుతుంటే తల ఊపుతూ కూర్చున్నావు. ఒక్క ప్రశ్నా అడగలేదు. రికార్డింగుకు మనకు ఊరికే గది ఇచ్చింది నూలు దుకాణం రహమత్ చాచాయే కదా.

ఇప్పుడు చర్చిలో అందరూ నీతో చేతులు కలుపుతున్నారు. అమ్మ కూడా వంట చేస్తూ ఆ వీడియోనే పెట్టుకుంటోంది. ఇన్నేళ్లు ఛానల్‌లో నేను రాసి చదివినవాటికి ఎవరూ ఆగి పలకరించలేదు. "అక్కకు కుళ్లు" అని అందరితో అన్నావట. కుళ్లే, కాదనను.

నిన్న చాచా, "బేటీ, జోయెల్ భీ ఐసాచ్ సోచ్‌తా క్యా?" అని అడిగాడు. నువ్వూ అలాగే అనుకుంటున్నావో లేదో నేనేం చెప్పగలను? వెళ్లి నువ్వే చెప్పు. కాదని చెప్పగలిగితే ఆ మాట ఛానల్‌లో కూడా చెప్పు. దానితో నీ పేరు ఇంకా పెరిగినా ఓర్చుకుంటాను.